లుంబినీ పార్కులో ఆ పేర్లు రాయించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మా మనవణ్ణి తీసుకుని హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కుకు వెళ్ళాను. గేటు దగ్గర సంచీ తెరవమన్నారు. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా తీసి చూపించి లోపలికి నడుస్తుంటే వాడు అడిగాడు, "తాతయ్యా, పార్కుకి కూడా చెకింగ్ ఎందుకు?" అని. పదేళ్ళవాడికి ఎంతవరకు చెప్పాలో తెలియక బోటు టికెట్ల క్యూ దాకా మాట్లాడకుండా నడిచాను.

2007 ఆగస్టు 25, శనివారం. రాత్రి ఎనిమిది కావస్తుండగా ఇక్కడే లేజర్ షో చూస్తూ కూర్చున్న జనం మధ్య బాంబు పేలింది. కొద్ది నిమిషాలకే కోఠిలో గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా పోయారు. పార్కులో పోయినవాళ్ళలో ఏడుగురు మహారాష్ట్రలోని సంగమనేర్ నుంచి టూర్ మీద వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు. మన ఊరు చూద్దామని వచ్చిన పిల్లలండీ!

ఆ సాయంత్రం మా మరదలు పిల్లల పుస్తకాల కోసం కోఠి వెళ్ళింది. టీవీలో వార్త చూసినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎంత ప్రయత్నించినా ఫోను కలవలేదు. పదిన్నరకి ఆటో దిగి వాకిట్లోనే నిలబడిపోయింది. చేతిలోని సంచీ తీసుకోబోతే వదల్లేదు. ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది. మా మనిషి ఇంటికొచ్చింది. రాని ఇళ్ళ సంగతి ఇప్పటికీ తలచుకుంటాను.

ఈ కేసులో 2018లో కోర్టు ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవ శిక్ష వేసింది. కేసు సంగతి అలా ఉంచితే, పోయినవాళ్ళ పేర్లు పార్కుకొచ్చేవాళ్ళకి తెలియాలి కదా? ఎక్కడైనా ఓ మూల రాసి ఉంటే ఉండొచ్చు, నా కంట మాత్రం పడలేదు. గేటు దాటగానే, అందరూ ఆగే చోట ఒక రాయి నిలబెట్టి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో పేర్లు చెక్కించాలి. మరాఠీలో కూడా ఉండాలి. ఆ పిల్లల అమ్మానాన్నలు ఎప్పుడైనా వస్తే తమ బిడ్డ పేరు తమ భాషలో చదువుకోగలగాలి.

బోటెక్కి బుద్ధుడి దగ్గరికి వెళ్ళాం. ఆ విగ్రహం వెనకా ఒక దుఃఖం ఉంది. 1990 మార్చి 10న దాన్ని తీసుకెళ్తున్న పంటు ఒరిగి విగ్రహం నీళ్ళలో పడింది. పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండున్నరేళ్ళకు పైగా సాగర్ అడుగునే ఉండి, 1992 డిసెంబరులో బుద్ధుడు పైకి వచ్చి నిలబడ్డాడు. వాళ్ళు రాలేదు. అక్కడ ఆ కూలీల పేర్లు కూడా రాయించాలి.

పార్కులో నవ్వకూడదనీ, సెల్ఫీలు దిగకూడదనీ నేననను. మావాడు కూడా మొక్కజొన్న పొత్తు తింటూ గంతులేశాడు. ఆనాడు పోయినవాళ్ళూ సరదాగా గడపడానికి వచ్చినవాళ్ళే. ఏటా ఆగస్టు 25 సాయంత్రం పార్కు మైకులో ఆ పేర్లు ఒక్కసారి చదివించమని అధికారులను వేడుకుంటున్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఈసారి మనవణ్ణి ఆ రోజే తీసుకొస్తాను. వాడడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉప్పల్