కాగితం మీద అపార్ట్‌మెంటు, నడిచేది హాస్టల్

సంపాదకుల వారికి,

భంజ విహార్‌లో బరంపురం విశ్వవిద్యాలయం ఉంది, లౌడిగాంలో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) ఉంది. చదువుకోవడానికి వచ్చే పిల్లలకు గదులు కావాలి. పై వాటా అద్దెతో గడిచే ఇళ్లూ ఈ చుట్టుపక్కల తక్కువేం కాదు. కాబట్టి ‘మా వాడలో హాస్టళ్లు వద్దు’ అని కేకలేస్తే ఎవరూ వినరు, వినకూడదు కూడా. అపార్ట్‌మెంటుకని అనుమతి తెచ్చుకుని హాస్టల్ నడిపితే, అభ్యంతరం చెప్పాల్సింది కొలతల మీద.

ఒక లెక్క చూడండి. 24 ఫ్లాట్లకు అనుమతి తెచ్చుకున్నారనుకుందాం. ఇంటికి ఐదుగురు చొప్పున 120 మంది. తలకు రోజుకు 135 లీటర్లు వేసుకుంటే 16,200 లీటర్లు. అదే భవనాన్ని హాస్టల్ చేసి ఫ్లాటుకు పదిమందిని సర్దితే 32,400 లీటర్లు. కుళాయి చాలదు, బోరు వేస్తారు. బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు ఆరేడు ఆ సందులోకి రావాలి. వాడిన నీటిలో నూటికి ఎనభై వంతులు, అంటే దాదాపు 26 వేల లీటర్లు, మురుగై బయటికొస్తుంది. సెప్టిక్ ట్యాంకు మాత్రం 120 మందికి కట్టిందే. మురుగు అందులో నిలవాల్సినంత సేపు నిలవదు. మడ్డి అడుక్కి దిగకముందే ఇంకుడు గుంటలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది. వానాకాలంలో నేలలో నీరు పైకొచ్చినప్పుడు అదంతా వీధి కాలువలోకి పొంగుతుంది. తాగునీటి బావికీ ఇంకుడు గుంటకూ కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. పక్కింటి బావిని ప్లానులో గీసేవాళ్లెవరు?

అసలు తిరకాసు రోడ్డు దగ్గర. ఎంత కట్టుకోవచ్చన్నది ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. కాలువలు, అరుగులు, మెట్లు అన్నీ కలిపి, అదీ స్థలం ముందు మాత్రమే కొలిస్తే ఏ సందైనా వెడల్పుగానే తేలుతుంది. టేపు పట్టాల్సింది సందు మొదట్లో, కరెంటు స్తంభం దగ్గర, మలుపులో. ఫైరింజను ఇరుక్కునేది అక్కడే. జాతీయ భవన నియమావళి ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తుంటే అది ‘హై-రైజ్’, అంటే ఎత్తైన భవనం. దాని ముందు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ ఫైరింజను తిరిగేందుకు 6 మీటర్ల ఖాళీ కావాలి. ప్లానుల్లో 14.9 మీటర్లు కనిపించేది అందుకే. ఆ తర్వాత మేడ మీద రేకుల షెడ్డు లేస్తుంది, అందులో మెస్సు. కింద పార్కింగుకు వదిలిన స్టిల్టుకు గోడలు లేచి దుకాణాలవుతాయి, బండ్లు వీధిన పడతాయి.

ఇలాంటి చోట వంద సంతకాల అర్జీ కన్నా ఆమోదం పొందిన ప్లాను నకలు ఒకటి మేలు. సమాచార హక్కు కింద ఫారం ‘ఎ’ నింపి 10 రూపాయల రుసుం కట్టాలి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి. చట్టం ఒప్పుకునేది ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంత అధికార భాష మాత్రమే, ఇక్కడ తెలుగు చెల్లదు. అనుమతి పత్రం, భవనం దేనికి వాడతామన్నారు, చూపిన రోడ్డు వెడల్పు, ఎత్తు, మొత్తం నిర్మాణ వైశాల్యం అడగండి. వైశాల్యం 20,000 చదరపు మీటర్లకు చేరితే పర్యావరణ అనుమతి కూడా ఉండాలి. అమ్మకానికి పెట్టిన ఫ్లాట్లు ఎనిమిది దాటితే ఒడిశా రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు తప్పనిసరి.

జవాబుకు 30 రోజుల గడువుంది. ఆలోగా ఒకటి రెండు స్లాబులు వేసేస్తారు. అందుకని పునాదులప్పుడే సోమవారం గ్రీవెన్స్‌లో ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. పిల్లలు చేరాక ఖాళీ చేయించడం ఏ అధికారికీ సులువు కాదు.

బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీని మేం కోరేది రెండు. పని జరిగే చోట బోర్డు మీద అనుమతి నంబరుతో పాటు ఎన్ని అంతస్తులో, నివాసమో హాస్టలో ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాలి. రెండోది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చన్న పత్రం) కోసం ఖాళీ భవనాన్ని చూసి ఊరుకోకుండా, తరగతులు మొదలయ్యాక మరోసారి వచ్చి గదుల్లో మంచాలు లెక్కపెట్టాలి.

— విశ్వవిద్యాలయ పరిసర నివాసులు,
బరంపురం, గంజాం జిల్లా