బూట్ల పెట్టె మీద రాసిన మైనస్ డిగ్రీలు చూసి మోసపోకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో చలికాలం బూట్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. బాగానే ఉంది కానీ, చివర్లో ఎంత డబ్బు పెడితే అంత వెచ్చదనం అన్నట్టు రాశారు చూడండి, అక్కడే నాకు పేచీ. లెక్క చూసుకుని కొనేవాళ్ళకి ఆ మాట దేనికీ పనికిరాదు, పైగా అది నిజం కూడా కాదు. మంచు పడే చోట ఏడు చలికాలాలు నడిచినవాణ్ణి, అందులో మొదటి రెండూ కాలి వేళ్ళు కొయ్యబారిపోతుంటే నడిచినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను కొన్న జత చూడ్డానికి ఎంత ముద్దుగా ఉండేదో! లోపల తెల్లటి బొచ్చు, పైన తోలులా మెరిసే రెక్సిన్, పెట్టె మీద పెద్ద అక్షరాలతో మైనస్ 30 డిగ్రీలు. కంపెనీ పేరు ఎందుకులెండి. మూడో వారానికి వేళ్ళు వంగే దగ్గర రెక్సిన్ పగిలింది, ఆ పగుల్లోంచి కరిగిన మంచు లోపలికి దిగింది, బొచ్చు తడిసి ముద్దయింది, రాత్రంతా ఆరబెట్టినా పొద్దున్నకి ఇంకా చెమ్మగానే ఉండేది. చలికాలం సగం గడిచేసరికి సోల్ ముందువైపు నోరు తెరిచింది. తప్పు నాదే, బొచ్చు చూసి కొన్నాను.

అసలు బూటు వేడి పుట్టించదు. వేడి మన కాలిదే, అది బయటికి పోకుండా బూటు ఆపుతుందంతే. ఆపేది కూడా బొచ్చు కాదు, బొచ్చు మధ్యలో కదలకుండా చిక్కుకున్న గాలి. ఆ గాలి ఉన్న చోటికి నీళ్ళు చేరాయంటే కథ ముగిసినట్టే, ఎందుకంటే గాలితో పోలిస్తే నీళ్ళు దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. అందుకే తడవని మామూలు బూటు, తడిసిన ఖరీదైన బూటు కంటే నయం.

పెట్టె మీద రాసే ఆ మైనస్ డిగ్రీల సంగతి ఒకటి చెప్పాలి. మామూలు చలికాలం బూట్లకి కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో పరీక్ష చేసి ఆ అంకె వేయవు. ఎవరి లెక్క వాళ్ళది. ఒక కంపెనీ మైనస్ 30, ఇంకో కంపెనీ మైనస్ 30 ఒకటే అనుకుని పోల్చుకుంటే దెబ్బతింటాం. పైగా అదే బూటు నడుస్తుంటే వెచ్చగా ఉంటుంది, బస్సు కోసం పావుగంట నిలబడితే చల్లబడుతుంది. దీనికి భిన్నంగా ఫ్యాక్టరీల్లో, నిర్మాణ పనుల్లో వేసుకునే సేఫ్టీ బూట్లకి ఐఎస్ఓ 20345 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వాటిలో చలికి పరీక్ష చేసినవాటి మీద సీఐ (CI), అంటే చలిని ఆపుతుందని తెలిపే గుర్తు ఉంటుంది. మైనస్ 17 డిగ్రీల చలిలో అరగంట ఉంచినా లోపల పాదం ఆనే చోట వేడి తగ్గుదల 10 డిగ్రీలు దాటకూడదని దాని అర్థం. మైనస్ 17లో రోజంతా వెచ్చగా ఉంటుందని హామీ ఏమీ కాదు, కానీ కనీసం ఒక పద్ధతి ప్రకారం వచ్చిన ఫలితం. అందానికి తక్కువే గానీ గట్టిదనానికి లోటుండదు. కాకపోతే వేళ్ళ దగ్గర స్టీలు టోపీ ఉన్నవి వద్దు, లోహం వేడిని త్వరగా బయటికి పంపేస్తుంది, ప్లాస్టిక్ లాంటి కాంపోజిట్ టోపీ ఉన్నవి చూడండి.

ఇంకో అంకె గ్రాములు. థిన్సులేట్ లాంటి, చలిని ఆపే కృత్రిమ దూది పొర ఉన్న బూట్ల మీద 200 గ్రాములు, 400 గ్రాములు, 800 గ్రాములు అని రాస్తారు. అది బూటు బరువు కాదు, చదరపు మీటరు పొర ఎంత బరువుంటుందో ఆ లెక్క. రోజూ చురుగ్గా నడిచేవాళ్ళకి 200 చాలు, కాసేపు నడిచి కాసేపు ఆగే మామూలు జీవితానికి 400 సరిపోతుంది, గంటల తరబడి కదలకుండా నిలబడే పని అయితేనే 800 వైపు వెళ్ళాలి. మా తమ్ముడు ఎందుకైనా మంచిదని 800 గ్రాములవి కొని, వాటితో వేగంగా నడిచి, కాళ్ళకి చెమట పట్టి, ఆ చెమటకే కాళ్ళు చల్లబడి, బూట్లు మంచివి కావని నెల రోజులు తిట్టాడు. బయటి నుంచి రాని తడిని వాడే లోపల తయారు చేసుకున్నాడు!

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు నేను చూసే లెక్క ఒకటే. తర్వాత చేర్చుకోగలిగినదానికి ముందే డబ్బు పెట్టను. వెచ్చదనం తర్వాత చేర్చుకోవచ్చు. బూటు లోపల పాదం కింద పరిచే మందపాటి ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని) ఇన్సోల్ ఒకటి వేస్తే నేల నుంచి వచ్చే చలి బాగా తగ్గుతుంది, చాలామంది పైనుంచే చలి వస్తుందనుకుంటారు గానీ గడ్డకట్టిన నేల కూడా పాదం వేడిని లాగేస్తుంది. ఉన్ని సాక్సులు ఇంకొంచెం కలుపుతాయి. నూలు సాక్సులు మాత్రం వద్దు, చెమట పీల్చుకుని అలాగే పట్టుకుని కూర్చుంటాయి. కానీ నీళ్ళు ఆపడం, సరైన కొలత, సోల్ అతుకు, ఈ మూడూ తర్వాత చేర్చేవి కావు. నా డబ్బంతా అక్కడికే.

కొలత విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఒక జత సాక్సులు సరిపోలేదని బిగుతు బూట్లలోనే రెండో జత దూర్చడం. దాంతో పాదం నొక్కుకుపోయి రక్తం సరిగ్గా ఆడదు, సాక్సుల్లో ఉన్న గాలి కూడా నలిగిపోతుంది, ముందుకంటే ఎక్కువ చలేస్తుంది. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, మీరు వేసుకోబోయే మందపాటి సాక్సులతోనే కొలత చూడండి. లోపల వేళ్ళు ఆడాలి, మడమ మాత్రం లేవకూడదు.

అతుకు గురించి ఒక పాత కథ. 1912లో అమెరికాలో లియోన్ లియోన్‌వుడ్ బీన్ అనే ఆయన కింద రబ్బరు, పైన తోలు పెట్టి వేట బూట్లు చేశాడు. నీళ్ళలో నానే చోట రబ్బరు, కాలు వంగే చోట తోలు, ఆలోచన ఇప్పటికీ మంచిదే. కానీ మొదట అమ్మిన వంద జతల్లో 90 వెనక్కి వచ్చాయి, తోలూ రబ్బరూ కలిసే దగ్గర కుట్టు ఊడిపోయింది. ఆయన అందరికీ డబ్బు తిరిగి ఇచ్చేసి, అప్పు చేసి, ఆ అతుకు సరిచేశాడు. వందేళ్ళు దాటినా బూటు చచ్చేది అక్కడే. కొనేటప్పుడు బూటుని చేత్తో గట్టిగా వంచి అతుకు దగ్గర చూడండి, సన్న గీతంత సందు కనబడినా పక్కన పెట్టేయండి. జిగురుతో మాత్రమే అంటించిన సోల్ కంటే చుట్టూ కుట్టు కూడా ఉన్నది ఎక్కువ కాలం ఆగుతుంది, అడుగూ పక్కలూ ఒకే ముక్కగా పోసిన రబ్బరైతే అక్కడ ఊడటానికి అతుకే ఉండదు.

చలికాలం చివర్లో ధరలు తగ్గించి అమ్ముతారు, కొనడానికి అదే మంచి సమయం, కాదనను. కానీ అలా తగ్గించినవాటిలో చాలా పాత సరుకు కూడా ఉంటుంది. పాలీయురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన సోల్ వాడకపోయినా, గాలిలో తేమకి కొన్నేళ్ళలో లోపల్లోపలే పాడవుతుంది. పైకి కొత్తగా కనిపిస్తుంది, వేసుకున్న మొదటి వారంలోనే బిస్కెట్టులా పొడి రాలుతుంది. చాలా బూట్లలో నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలి లేబుల్ మీద తయారైన నెల, ఏడాది ఉంటాయి, అది చూడకుండా పాత జత కొనకండి. వాడిన బూట్లు కొనాలనుకునేవాళ్ళకీ ఇదే మాట.

జారడం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వెచ్చగా ఉండి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఏం లాభం. టొరంటోలో ఒక పునరావాస పరిశోధన సంస్థ మనుషుల్ని నిజం మంచుగడ్డ మీద, వాలు పెంచుతూ నడిపించి బూట్లని పరీక్షిస్తుంది. కనీసం 7 డిగ్రీల వాలు మీద జారకపోతే ఒక గుర్తు ఇస్తుంది. 2016లో బయటపెట్టిన తొలి ఫలితాల్లో 98 జతలకి పదో వంతు కూడా పాస్ కాలేదు. సోల్ మీది లోతైన గాడులు మెత్తటి మంచులో పట్టునిస్తాయి, నున్నటి మంచుగడ్డ మీద మాత్రం మెత్తటి రబ్బరు కావాలి. సోల్‌ని గోటితో నొక్కి చూడండి, ఇంట్లోనే రాయిలా ఉంటే బయట చలికి ఇంకా బిగుసుకుంటుంది. అంతగా భయమైతే బూట్ల మీద తొడుక్కునే ముళ్ళ పట్టీలు దొరుకుతాయి, ఇంకో జత బూట్లు కొనడం కంటే చవక.

ఇప్పుడు నేను వాడే జతకి ఇది ఐదో చలికాలం. ఇంటికి రాగానే ఇన్సోల్స్ బయటికి తీస్తాను, రోడ్డు మీద చల్లిన ఉప్పు తెల్లగా చారలు కడితే వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడుస్తాను, హీటరు దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టను, తోలు పగులుతుంది, జిగురు వదులుతుంది. తడి లాగడానికి లోపల వార్తాపత్రిక కాగితాలు ఉండలు చుట్టి కూరుతాను. ఏమీ అనుకోకండి, మీ పత్రికే. రోజువారీ పేజీలు తడిని బ్రహ్మాండంగా పీలుస్తాయి. ఆదివారం అనుబంధం కాగితం మాత్రం మరీ నునుపు, చుక్క కూడా పీల్చదు, అందుకే ఆ వ్యాసం ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు