శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: పట్టిన కోతులు ఎక్కడికి పోతున్నాయి?

అయ్యా, నమస్కారం.

కోతుల్ని పట్టొద్దని ఈ లేఖ కాదు. కోతుల వల్ల ఉద్దానం కొబ్బరి రైతులు పడే గోడు నాకూ ఉంది. మొన్న మా ఊళ్లో పట్టిన కోతుల్ని ఒకే బోనులో కుక్కి, మిట్టమధ్యాహ్నం ఆటో ఎక్కించారు. గుక్కెడు నీళ్లు లేవు. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి వేళ్లు ఇనుపవలకు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఎక్కడికంటే "అడవికి" అన్నాడు డ్రైవర్. ఏ అడవో అతనికీ తెలీదు! అడవికో, ప్రయోగాల ల్యాబ్‌కో చెప్పేవాళ్లే లేరు.

2020లో కోవాగ్జిన్‌ను 20 రీసస్ కోతులపై (మా ఊళ్లో తిరిగే జాతే) పరీక్షించారు. మనలో చాలామంది ఆ టీకా వేయించుకున్నవాళ్లమే, ప్రయోగాలే వద్దని అనలేను. కానీ ల్యాబ్ కోతికి కాగితం మీదైనా ఒక లెక్కుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ అనుమతి కావాలి. మా ఊరి కోతికి అదీ లేదు. 2022 సవరణతో రీసస్ కోతిని వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ల (రక్షణ జాబితాల) నుంచి తీసేశారు, ఇక అడిగేదెవరు?

ఎన్ని పట్టారు, ఎక్కడ వదిలారు, ఎవరికి అప్పగించారు అన్నది పంచాయతీ రిజిస్టర్లో రాయించండి. ల్యాబ్‌కి ఇస్తే అనుమతి నంబరుతో సహా. పశువుల డాక్టరు చూశాకే బండి కదలాలి. బోనులో నీళ్లు పెట్టడానికి జీవో అక్కర్లేదు కదా సార్?

ఇట్లు,
ఉద్దానం కొబ్బరి రైతు