బిగ్ ఫోర్‌లో చేరాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

అందరికీ నమస్తే. బిగ్ ఫోర్‌లో ఎలా చేరాలని నిన్న మన నల్లగొండ బీకాం పిల్లలు అడిగారు, అందుకే ఇక్కడే రాస్తున్నా. బిగ్ ఫోర్ అంటే కంపెనీల లెక్కలు తనిఖీ (ఆడిట్) చేసే నాలుగు పెద్ద సంస్థలు: డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ. నాలుగింటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) దారిలో వెళ్లేవాళ్లు ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్‌లో, అంటే సీఏ దగ్గర పని నేర్చుకునే ట్రైనింగ్‌లో చేరాలి. (ఇది సీఏ ఇంటర్మీడియట్. మన సీఈసీ కాదు, మా నాన్న ఇప్పటికీ అదే అనుకుంటాడు!) 2023 జూలై నుంచి చేరినవాళ్లకు ఆర్టికల్‌షిప్ మూడేళ్లు కాదు, రెండేళ్లే.

సీఏ లేకున్నా బీకాం, ఎంబీఏ వాళ్లకూ ఉద్యోగాలుంటాయి. ఎక్సెల్ మాత్రం బాగా రావాలి. ఇంగ్లిష్‌కు టెన్షన్ వద్దు. కొత్తలో నేనూ ఒక్క మెయిల్‌ను పదిసార్లు చదివి పంపేవాణ్ని. అమెరికా క్లయింట్ల ఆడిట్ అయితే జనవరి నుంచి మార్చి దాకా పని నెత్తిమీదే. సంక్రాంతికి బస్సు దొరికినా సెలవు దొరకదు.

రెజ్యూమెలు ఆదివారంలోపు నాకు విడిగా పంపండి, చూసి చెప్తా.