ఇంపీరియలిజంపై అమెరికన్ల సొంత వాదన

సంపాదకులకు,

అమెరికా సామ్రాజ్యవాదం అనగానే మన దగ్గర వియత్నాం, ఇరాక్‌తో మొదలుపెడతారు. అసలు పంచాయితీ అమెరికన్ల మధ్యే 1898లో జరిగింది. స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక ప్యూర్టోరికో, గ్వామ్ దీవులు వారి చేతికొచ్చాయి. ఫిలిప్పీన్స్ కోసం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ముట్టజెప్పారు. 1899 ఫిబ్రవరి 6న అమెరికా సెనేట్‌లో ఈ శాంతి ఒప్పందం 57–27తో నెగ్గింది. మూడింట రెండొంతులు తప్పనిసరి కాబట్టి ఒక్క ఓటుతో గట్టెక్కినట్టే.

విస్తరణవాదుల మాటను తేలిగ్గా కొట్టేయలేం. ఆనాటి ఆవిరి నౌకలకు దారిలో బొగ్గు నింపుకునే రేవులు కావాలి. చైనా మార్కెట్‌పై ఆశ ఉంది. తాము వదిలేస్తే జర్మనీ ఆక్రమిస్తుందన్న భయం ఉంది. కానీ బొగ్గుకు ఒకటి రెండు రేవులు చాలవా? దేశం మొత్తం ఎందుకు? ఈ ప్రశ్నకు వారి దగ్గర గట్టి జవాబు లేదు.

వ్యతిరేకులు పాలితుల సమ్మతి ఏదని అడిగారు. అది సరైన మాట. అయితే వారిలో కొందరిది ఆసియా జనం, చవక కూలీలు వచ్చిపడతారన్న జాతి ద్వేషమే. ఈ సంగతి దాచకూడదు.

1901లో సుప్రీంకోర్టు 5–4తో ప్యూర్టోరికో అమెరికా సొత్తే గానీ, సుంకాల లెక్కలో అమెరికాలో భాగం కాదంది. అక్కడినుంచి న్యూయార్క్ చేరిన నారింజలపై సుంకం చెల్లుతుందంది. అనంతపురం చీనీకాయల లోడు చెన్నైలో దిగితే దిగుమతి పన్ను కట్టమన్నట్టు!

1800లో నిజాం, తన రక్షణకు ఉంచిన ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, అనంతపురం ప్రాంతాలను ఆ కంపెనీకి ఒప్పందంతో రాసిచ్చినప్పుడు ఇక్కడి రైతునూ ఎవరూ అడగలేదు. గ్రూప్స్ విద్యార్థుల పేజీలో ఈ రెండు ఒప్పందాలను పక్కపక్కన వేయండి.

– ఒక చరిత్ర అధ్యాపకుడు, కడప