ఎడమచేతి వాటం గీతలు

ఒరేయ్ శీనూ,

పాతకాలపు యూరప్ మహా చిత్రకారుల డ్రాయింగుల ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చాన్రా. నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

హాలంతా మసక మసకగా ఉంది. వెలుతురు తగిలితే కాగితం, రంగు పాడవుతాయని 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకుండా చూస్తారు. కళ్లు అలవాటు పడేదాకా కాస్త ఆగాలి. చూసి వేసుకోడానికి పెన్నులు, బొగ్గు వద్దన్నారు, పెన్సిల్ ఒక్కటే.

మైకెలాంజెలో లిబియన్ సిబిల్ (భవిష్యత్తు చెప్పే స్త్రీ) స్టడీ, అంటే అసలు బొమ్మకి ముందు వేసుకున్న నమూనా, మనం పుస్తకంలో పేజీ నలిగేదాకా చూసిందే, అక్కడ ఉంది! వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్ పైకప్పు మీది బొమ్మ కోసం 1510-11 ప్రాంతంలో ఎర్ర చాక్‌తో వేసింది. చాలా పెద్దదనుకునేవాణ్ణి, తీరా చూస్తే ఏ4 కాగితమంతే. పైకప్పు మీదున్నది స్త్రీ, మోడల్‌గా కూర్చున్నది మాత్రం కుర్రాడు. వీపు మెలితిరిగిన చోట గీతలు దట్టంగా ఉన్నాయి. వెలుగు పడేచోట కాగితాన్ని దాదాపు అలాగే వదిలేశాడు.

అందరూ ఆ వీపు దగ్గరే ఆగుతున్నారు. నేను కింద కాలివేళ్లకి అతుక్కుపోయా. బొటనవేలిని విడిగా మళ్లీ వేసుకున్నాడు. అంత శ్రద్ధ దేనికో నేను వేస్తుంటే తెలిసింది. ఒళ్లంతా అటు తిరిగితే బరువు ఆనేది ఆ వేళ్ల మీదే కదా! అక్కడ తేడా వస్తే వీపు ఎంత గొప్పగా వేసినా బొమ్మ నిలవదు. అందుకే మొత్తం బొమ్మ జోలికి పోకుండా ఆ పాదం ఒక్కటే వేశా. చెయ్యి ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తేలిపోయిందో అచ్చులో సరిగా తెలియదు. అసలు బొమ్మ ముందు కూర్చుంటే కళ్లకి కడుతుంది.

పక్క గదిలో లియొనార్డో. ఆయనది ఎడమచేతి వాటం, షేడింగ్ గీతలు ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందకి వాలతాయి. ఆ వాలు నా కుడిచేతికి లొంగలేదు, స్కెచ్‌బుక్ పక్కకి తిప్పుకుంటే గానీ దారికి రాలేదు. అప్పుడే నువ్వు గుర్తొచ్చావు. అది నీ చేతి వాలేరా! కొన్ని వెండి మొన ఉన్న పుల్లతో వేసినవి, ఒకసారి గీస్తే చెరపడానికి ఉండదు. ఆ సన్నటి గీతలు నువ్వు వేస్తుంటే చూడాలని ఉంది.

ఇలాంటివి కొన్ని నెలలే బయట ఉంచుతారు, తర్వాత మళ్లీ చీకట్లో దాచేస్తారు. కాబట్టి తొందరగా రా. హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు చెక్కి తెచ్చుకో, లోపల చెక్కుకోనివ్వరేమో. తలుపులు తీయగానే వెళ్దాం, జనం తక్కువుంటారు. ఏ రోజు వస్తున్నావో వెంటనే రాయి.

నీ,
రవి