ట్యాబ్ మీద ఆ చిన్న స్పీకర్ గుర్తు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. పరీక్షల టైంటేబుల్ విడిగా పంపుతున్నాం కాబట్టి ఈసారి ఉత్తరంలో ఆ ఊసు ఎత్తను. కొన్నాళ్లుగా నా బుర్రలో తిరుగుతున్న ఓ చిన్న విషయం రాస్తాను. దీనికి మొదలు మీలో కొందరు చేసిన ఫిర్యాదే. "హోంవర్క్ అయ్యాక ల్యాప్‌టాప్ పక్కన పెట్టేశాడు. గంట తర్వాత చూస్తే ఛార్జింగ్ సగానికి దిగిపోయింది. వీడు ఏం చేస్తున్నాడు టీచర్?"

పిల్లాడు ఏమీ చేసి ఉండకపోవచ్చు. నాకూ అదే జరిగింది. స్టాఫ్ మీటింగ్‌కి వెళ్తూ నా ల్యాప్‌టాప్ అలాగే వదిలేశాను. కాసేపటికి దానంతట అదే నిద్రపోవాలి. తిరిగొచ్చేసరికి తెర ఆరిపోయి ఉంది గానీ లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మెషీన్‌ను నిద్రపోనివ్వకుండా ఏది ఆపుతోందో చెప్పే ఆదేశం విండోస్‌లో ఒకటి ఉందట. మా కంప్యూటర్ టీచర్ అది కొట్టి చూపించారు. ఆడియో వాడుకలో ఉంది అని వచ్చింది. గదిలో చూస్తే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం! బ్రౌజర్‌లో తెరిచి ఉన్న ఏ ట్యాబ్ (అంటే ఒక్కో సైటు పేజీ) మీదా, శబ్దం వస్తుంటే కనిపించే స్పీకర్ గుర్తు లేదు. ఒక్కొక్కటే మూసుకుంటూ పోతే చివరికి దొరికింది, పొద్దున తెరిచి మరిచిపోయిన ఒక క్విజ్ సైటు.

అసలు ఆ గుర్తు పుట్టింది వేరే పని కోసం. ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఉంటే పాట ఎందులోంచి వస్తోందో తెలియక జనం విసిగిపోయేవాళ్లు. అందుకని బ్రౌజర్లలో క్రోమ్ 2014 మొదట్లో, ఫైర్‌ఫాక్స్ 2015 చివర్లో ట్యాబ్ మీద స్పీకర్ బొమ్మ పెట్టాయి. తర్వాత 2018లో క్రోమ్, 2019లో ఫైర్‌ఫాక్స్, మనం ముట్టుకోకుండానే మోగే వీడియోల నోరు చాలావరకు కట్టాయి. ఇవన్నీ చెవి బాధ తీర్చిన మార్పులు. చెవికి తెలియకుండా జరిగే ఖర్చు గురించి ఆ బొమ్మ ఏమీ చెప్పదు.

ఖర్చు ఎలాగంటే, సరైన జవాబుకు 'టింగ్' మనిపించాలన్నా సైటు బ్రౌజర్‌లో ఒక ఆడియో యంత్రాంగాన్ని నడిపించాలి. దాన్ని వెబ్ ఆడియో అంటారు. అది శబ్దాన్ని 128 నమూనాల (క్షణక్షణానికీ శబ్దం ఎంతుందో చెప్పే అంకెల) చొప్పున ముక్కలుగా తయారుచేస్తుంది. సెకనుకు 48,000 నమూనాలు కావాలంటే ఆ పని సెకనుకు 375 సార్లు జరగాలి. వినిపించడానికి ఏమీ లేకపోయినా యంత్రాంగం నడుస్తూనే ఉంటే, 375 సార్లూ సున్నాలే తయారవుతాయి. దాన్ని కాసేపు ఆపి ఉంచే వీలు ఉంది. సైటు రాసినవాళ్లు ఆ సంగతి మరిచిపోతారు, అంతే. కుట్ర ఏమీ లేదు. (అన్ని బ్రౌజర్లూ దీన్ని ఒకేలా చూడవు, అదో తలనొప్పి.)

అందరూ అమాయకులే అని మాత్రం అనలేను. 2021లో క్రోమ్ ఒక మంచి పని చేసింది. మనం చూడకుండా వదిలేసిన ట్యాబ్, అయిదు నిమిషాలు దాటితే, తన గడియారాన్ని నిమిషానికి ఒక్కసారే చూసుకునేలా, అంటే వేళ ప్రకారం చేసే పనులకు అప్పుడే లేచేలా కట్టడి పెట్టింది. శబ్దం చేస్తున్న ట్యాబ్‌లకు మాత్రం మినహాయింపు. పాటలు వినేవాళ్లు ఇబ్బంది పడకూడదు కదా. ఆ మినహాయింపు కోసమే వినపడీ వినపడని శబ్దం పెట్టి కూర్చునే సైట్లు కొన్ని ఉన్నాయి.

ట్యాబ్‌ను మ్యూట్ చేస్తే సరిపోతుంది కదా అని ఒక తండ్రి అడిగారు. సరిపోదండీ. మ్యూట్ చేస్తే శబ్దం మన చెవికి రాదు, వీడియో మాత్రం లోపల ఆడుతూనే ఉంటుంది.

ఇదంతా ఎనిమిదో తరగతి వాళ్లకు చెప్పి, "శబ్దం రాకపోయినా ఒక ట్యాబ్ ఆడియోను వాడుకుంటుంటే బ్రౌజర్ ఎలా చూపించాలి? బొమ్మ గీయండి" అన్నాం. సగం మంది ఎర్రగా మెరిసే గంటలు గీశారు. వెనక బెంచీ నుంచి ఒకడు "అన్నీ మెరిస్తే దేన్నీ చూడం టీచర్" అన్నాడు. వాడు చెప్పింది నిజం. ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకైతే నేను కాసేపు ఆగిపోయాను. "ఎవరూ మాట్లాడకపోయినా మైక్ వాడుతున్నంతసేపూ దాని గుర్తు ఉంటుంది కదా టీచర్, స్పీకర్‌కి ఎందుకు ఉండదు?" మైక్ విషయంలో మన మాటలు ఇంకెవరో వింటారనే భయం ఉంది, ఇక్కడ పోయేది బ్యాటరీయే అని సర్దిచెప్పాను. కానీ వాడుతున్నంతసేపూ చూపించాలన్న ఆ అమ్మాయి మాటే సరైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. చూపించే తీరు మాత్రం అంత ఘాటుగా అక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది, కళ్లు మూసుకున్న బూడిదరంగు స్పీకర్ బొమ్మ. శబ్దం లేకుండా అయిదు నిమిషాలు గడిస్తేనే అది ట్యాబ్ మీదకు వస్తుంది. ఒకసారి నొక్కితే ఆ సైటు ఆడియో ఆగుతుంది. మళ్లీ ఆ ట్యాబ్‌కి వెళ్తే మామూలుగా పనిచేస్తుంది. ఇంకో కుర్రాడు ప్రతి ట్యాబ్ పక్కనా ఎంత బ్యాటరీ తిన్నదో అంకె వెయ్యాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. అంత కచ్చితంగా లెక్కగట్టడం కష్టం, పైగా అంకె కనిపిస్తే మనం ఇట్టే నమ్మేస్తాం. వాడు ఇంకా నా మీద అలిగే ఉన్నాడు.

బ్రౌజర్ తయారుచేసేవాళ్లు ఎప్పుడు వింటారో గానీ, ఇంట్లో ల్యాప్‌టాప్ ఊరికే వేడెక్కితే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఏ ట్యాబ్ ఎంత పనిచేస్తోందో ఒక పట్టిక వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ అలాంటిది ఉంది. పిల్లల్ని తిట్టేముందు ఒకసారి అది చూడండి. చదువు అయ్యాక ట్యాబ్‌లు మ్యూట్ చెయ్యడం కాకుండా మూసేయడం వాళ్లకు అలవాటు చెయ్యండి.

బొమ్మలన్నీ కంప్యూటర్ ల్యాబ్ గోడకు అంటించాం. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు చూడండి. అలిగినవాడి బొమ్మ తలుపు పక్కన, అందరికన్నా పైన ఉంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు